సత్రములో చోటు

డిసెంబరు నెల సగము గడచునప్పటికి మా నంద్యాలలో గాంధీచౌకు మొదలు శ్రీనివాససెంటరు వఱకు అంగళ్ల ముంగిళ్లలో కాగితపు నక్షత్రములు వ్రేలాడును. బట్టల దుకాణముల వాకిళ్లలో ఎఱ్ఱని అంగీ తొడిగి తెల్లగడ్డము పెట్టిన బొమ్మలు చేతులూపుచుండును. బేకరీలలో కేకులు అంతస్తులుగా పేర్చబడును. నెల రాకమునుపే సెల్‌ఫోనులలో తగ్గింపు ధరల ప్రకటనలు మొదలగును. వరికోతలు, పత్తి ఏరుట సాగుచుండు దినములగుటచే కూలిజనము చేతిలో నాలుగు రూకలాడు కాలమది. సంక్రాంతి బేరమునకు క్రిస్మసు నాంది యని నా మిత్రుడైన ఒక వర్తకుడు నాతో దాపఱికము లేకుండ చెప్పినాడు.

ఈ సంబరమును ఈసడించుట నా యుద్దేశము కాదు. ప్రొద్దు త్వరగా గ్రుంకు దినములలో వీధి వెలుగుట కన్నులకు ఇంపే. నేను క్రైస్తవుడను గాను. ఆ మతధర్మమును బోధించు అర్హతయు నాకు లేదు. తెలుగు పాఠములు చెప్పుకొను ఉపాధ్యాయుడను. ఈ వ్యాసమునకు కారణము నా తరగతిలో, నా వలన జరిగిన ఒక పొరపాటు.

కొన్నేండ్ల క్రిందట మా విద్యార్థులు క్రిస్మసు వేడుక జరుపుదుమని నా యొద్దకు వచ్చిరి. ఆ యేడు వేడుకల బాధ్యత నాది. నగరములనుండి వచ్చిన ఒక ఆట ఇప్పుడు మన కళాశాలలకును వ్యాపించినది. తరగతిలోనివారి పేర్లన్నియు చీటీలపై వ్రాసి డబ్బాలో వేయుదురు. ఎవరికి ఎవరి చీటీ వచ్చునో వారు ఆ పేరుగలవారికి రహస్యముగా ఒక బహుమానము కొని తేవలెను. ఆ బహుమానము రెండువందల రూపాయలకు తక్కువ కారాదని విద్యార్థులే నియమము పెట్టుకొనిరి. "మరీ చీపువి తెస్తే బాగుండదు సార్" అని ఒకడనెను. నేను తలయూపితిని. మఱునిమిషమున దానిని మఱచితిని.

వేడుకనాడు నలుబది పొట్లములు బల్లపై మెఱసినవి. పంపకము ముగియువేళ ఒక కుఱ్ఱవాడు రిక్తహస్తములతో మిగిలెను. అతని చీటీ తీసినది ఆళ్లగడ్డ వైపునుండి దినమును బస్సులో వచ్చు ఒక విద్యార్థిని. ఆమె ఆనాడు రాలేదు. పిల్లలు నవ్విరి, కుఱ్ఱవాడును నవ్వెను, ఎవరో అతనికి ఒక కేకుముక్క ఎక్కువ పెట్టిరి. ఆ తరగతిలో క్రైస్తవ కుటుంబములనుండి వచ్చినవారు ముగ్గురో నలుగురో. ఆ రాని పిల్ల వారిలో ఒకతె యని నాకు తట్టుటకు రెండు దినములు పట్టినది.

సెలవులైన పిమ్మట అడిగితిని. "జరమొచ్చింది సార్" అని తల వంచుకొనెను. తరువాత ఆమె స్నేహితురాలు వరండాలో ఒంటరిగా నన్ను కలిసికొని, "జరం గిరం ఏం లేదు సార్, రెండు నూర్లు దొరకలే" అని చెప్పిపోయెను. ఆ తల్లి ప్రొద్దుపొడుపునుండి నడుము వంచి పత్తి ఏరిన కూలిలో రెండువందలు పెద్ద పాలు. ఎవరి పండుగ పేర వేడుక చేసితిమో ఆ పిల్లయే వెలుపల నిలిచినది. సత్రములో చోటు దొరకని దంపతుల కథను ఏటేట ముచ్చటగా చెప్పుకొందుము. ఆ సత్రపు తలుపు మూసినవాని పేరు సువార్తలో లేదు గాని, మా తరగతి తలుపు మూసిన చేతులలో నాదియు నొకటి.

అప్పటినుండి ఆ కథను మరల చదువ మొదలిడితిని. నాలుగు సువార్తలలో క్రీస్తు జననమును చెప్పినవి మత్తయి, లూకా అను రెండే. ఆ రెంటిలోను తేదీ లేదు, మాసమును లేదు. డిసెంబరు 25వ తేదీన రోములో ఈ పండుగ జరిగినట్లు తెలుపు తొలి ఆధారములు నాలుగవ శతాబ్దమునకు చెందినవి. లూకా చెప్పిన వివరములు మిక్కిలి కొద్ది: జనాభా లెక్కలకై పూర్వుల ఊరికి పయనమైన దంపతులు, నిండిన సత్రము, పశువుల తొట్టి, రాత్రివేళ మంద కాచుకొను గొల్లలు. గొల్లలు బిడ్డకు ఏమి తెచ్చిరో ఆ కథకుడు చెప్పడు. మన చిత్రకారులు వారి భుజములపై గొఱ్ఱెపిల్లల నుంచిరి గాని మూలమున అవి లేవు. వారు వచ్చిరి, చూచిరి, చూచినది నలుగురికి చెప్పుకొనుచు మరలిరి. బంగారము, సాంబ్రాణి, బోళము తెచ్చిన తూర్పుదేశపు జ్ఞానులు మత్తయి కథలోనివారు. అంగడి లోకము తనకు కులగురువులుగా ఈ జ్ఞానులను ఎన్నుకొని, వట్టిచేతుల గొల్లలను మందవెంటనే పంపివేసినది.

లూకా కథలో పెక్కురు గమనింపని ఒక చిన్న మాట కలదు. బిడ్డ పుట్టి నలుబది దినములైన పిమ్మట తల్లి శుద్ధికై ఆ దంపతులు యెరూషలేము దేవాలయమునకు వెళ్లుదురు. యూదుల ధర్మశాస్త్రము ననుసరించి అప్పుడు అర్పింపవలసినది ఒక గొఱ్ఱెపిల్ల, ఒక పక్షి. గొఱ్ఱెపిల్లను తెచ్చు శక్తి లేనివారు రెండు తెల్లగువ్వలనో రెండు పావురపు పిల్లలనో తేవచ్చునని ఆ శాస్త్రమే సడలింపు నిచ్చినది. లూకా పేర్కొన్నది ఈ పేదల అర్పణమునే. మరియ పేదరాలని అతడు నోరు తెఱచి చెప్పలేదు. పక్షులను చూపి ఊరకుండెను. కథనశిల్పమున ఇంతకంటె పొదుపు నేనెఱుగను. రెండువేల యేండ్ల నాటి ఆ శాస్త్రమునకు తోచిన వెసులుబాటు మా చీటీల ఆటలో మాకు తోచలేదు.

ఏటేట నేను బోధించు కవులలో గుఱ్ఱం జాషువ ఒకరు. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనపు చేదును చిన్ననాటనే చవిచూచిన కవి. 1941లో వెలువడిన "గబ్బిలము"లో ఆకలిగొన్న అరుంధతీసుతుడు తన మొఱను కాశీ విశ్వేశ్వరునికి పంపుటకు గబ్బిలమును దూతగా నెంచుకొనును. అతనిని రానీయని గుడిలో గబ్బిలము తిరుగగలదు గనుక. ఆ కవియే పిమ్మట "క్రీస్తుచరిత్ర" వ్రాసెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. మూసిన తలుపు, వెలుపల నిలిచిన మనిషి: ఈ రెండు లేనిదే ఆ కవిత్వము లేదని తరగతిలో గంటలకొలది చెప్పుదును. ఒక చేత ఆ పుస్తకము పట్టుకొని రెండవ చేత చీటీల డబ్బా పట్టుకొన్న ఉపాధ్యాయుని చూచి జాషువ ఏమనుకొని యుండునో!

పండుగ అంగడికెక్కిన చరిత్ర అంత పురాతనమైనది కాదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామమున అస్సీసీ ఫ్రాన్సిసు ఒక తొట్టిలో గడ్డి పఱపించి, నిజమైన ఎద్దును గాడిదను తెచ్చి నిలిపి, దేవుడెంతటి లేమిలో పుట్టెనో పల్లెజనమునకు కన్నులార చూపించెను. నేడు ప్లాస్టిక్ బొమ్మలతో అమ్ముడగు పశువులపాకకు మూలము అది. ఎఱ్ఱయంగీ తాతకు మూలపురుషుడు నాలుగవ శతాబ్దమున మైరాలో నుండిన బిషప్పు నికొలసు. కట్నమునకు సొమ్ము లేని ఒక తండ్రి యింట ముగ్గురు కూతుళ్లకై అతడు చీకటిలో బంగారపు మూటలు విసరిపోయెనని ఐతిహ్యము. ఇచ్చినవాని ముఖము పుచ్చుకొన్నవానికి తెలియరాదని ఆ కథలోని మర్మము. 1843లో లండనులో హెన్రీ కోల్ తొలి క్రిస్మసు కార్డులు అచ్చొత్తించి ఒక్కొక్కటి ఒక షిల్లింగునకు అమ్మించెను. ఆ డిసెంబరులోనే డికెన్సు పిసినారి స్క్రూజ్ కథయు వెలువడినది. ఔదార్యమును ప్రబోధించిన కథ, అమ్మకమును నేర్పిన కార్డు ఒకే నెలలో పుట్టుట తమాషా. 1931 మొదలు కోకాకోలా ప్రకటనలు నికొలసు తాతకు నేటి బొద్దురూపమును లోకమంతట స్థిరపఱచినవి. చీకటిలో మూట విసరినవాడు దీపముల క్రింద ధరల పట్టిక పట్టుకొని నిలిచెను.

ఇది పడమటి దేశముల కథ. మన సీమలో ఈ పండుగ వేళ్లూనిన నేల వేఱు. అది కఱవునేల.

ఆళ్లగడ్డకు దక్షిణమున చాగలమఱ్ఱి మండలములో ముత్యాలపాడు అను గ్రామము కలదు. ఎస్.పి.జి. యను ఆంగ్లికన్ మిషనువారు 19వ శతాబ్ది నడుమ అచట స్థావర మేర్పఱచుకొనిరి. జాన్ క్లే అను మిషనరీ అచట దీర్ఘకాలము పనిచేసెను. పిమ్మట నంద్యాలయు వారికి కేంద్రమైనది, ఇచటి ఎస్.పి.జి. ఉన్నత పాఠశాల పేరులో ఆ మూడక్షరములు నిలిచియున్నవి. వారి మాట వినవచ్చినవారిలో అధికులు మాలపల్లెల కూలీలు. గ్రామమున ఉపదేశి, బడిపంతులు ఒక్కడే. పగలు పిల్లలకు అక్షరములు, రాత్రి పెద్దలకు ప్రార్థన. అక్షరమును దేవుని గూర్చిన మాటయు ఒకే నోట, ఒకే పాకలో విన్నవారి మనుమలు నేడు మన పాఠశాలలలో ఉపాధ్యాయులై యున్నారు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు క్రైస్తవులు పెక్కురు అందు చేరక వేఱుగా నిలిచిరి. పట్టుదల ఈ సీమ గుణము. నేడు నంద్యాల ఆ సంఘములో ఒక డయాసిస్. హోలీక్రాస్ దేవాలయము దాని కథెడ్రల్.

1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కఱవును తలపక ఈ చరిత్ర చెప్పుట సాధ్యము కాదు. 1871 జనాభా లెక్కలకును 1881 లెక్కలకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవవంతు తగ్గినది. ఆ కఱవులో పనికి వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని రిచర్డు టెంపుల్ దొర కూలి నిర్ణయించెను. మనిషి ప్రాణమునకు సర్కారు కట్టిన వెల అది. ఆ కఱవు పిమ్మట తెలుగుదేశమున వేలకొలది పేదలు క్రైస్తవ మతమున చేరిరి. వారు గంజికై చేరిరని అప్పుడు కొందఱనిరి, ఇప్పుడును అందురు. ఈ విషయమున ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ చేసినది తెలిసికొనదగినది. అతడు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైబడిన త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని కఱవు కూలీలకు పని చూపెను. ఆ సాయము నడచినంతకాలము బాప్తిస్మమిచ్చుట ఆపివేసెను. తిండి కొఱకు మతము పుచ్చుకొన్నారను మాట రారాదని. సాయము ముగిసిన పిదప, 1878 జూలై 3వ తేదీన, మన నల్లమలలో పుట్టి తూర్పునకు పాఱు గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అతని మతప్రచారమును గూర్చి ఎవరి యభిప్రాయము వారిది. ఇచ్చుటకును కొనుటకును నడుమ గీత గీయవలెనని ఆ మనిషికి తెలిసినది. నాకు ఇది ముఖ్యముగా తోచును.

ఆకలిగొన్నవానికి పెట్టుట ఈ సీమకు పరాయివారు వచ్చి నేర్పిన విద్య కాదు. ఆళ్లగడ్డకు చేరువనున్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కఱవులో తన గాదెలు తెఱచి, వచ్చినవారికెల్ల అన్నము పెట్టించెను. విక్టోరియా రాణి పేర దొరతనము వారు ఆయనకు బంగారు పతకము నిచ్చిరి. పతకమును మఱచిన పల్లెలు అన్నమును మఱువలేదు. ఆయనపై పాటలు కట్టుకొని పాడుకొనిరి. దేవుడు గుడి విడిచి జనుల యొద్దకు నడచి వచ్చుటయు ఈ చుట్టుపట్ల వారికి క్రొత్త కాదు. క్రిస్మసు గడచిన మూడు వారములకు, కనుమనాడు, అహోబిల నరసింహుడు పారువేటకై పల్లకి యెక్కి కొండ దిగును. చెంచులక్ష్మిని పెండ్లాడిన స్వామి తన కల్యాణమునకు రమ్మని పిలుచుటకు నెలకు పైబడి ఆళ్లగడ్డ, రుద్రవరము, చాగలమఱ్ఱి పల్లెలలో ఇల్లిల్లు తిరుగునట్లు తిరుగును. చెంచులు అత్తవారైన దేవుని ఎఱిగిన పల్లెకు, గొల్లలు తొలి చుట్టములైన దేవుని కథ వినుట కష్టమైయుండదు. ఈ రెండును ఒకటే యని నేననను. పండితులు ఊరకొనరు, భక్తులు అసలే ఊరకొనరు.

మఱుసటి యేడు డిసెంబరు వచ్చినది. చీటీల ఆట మానుదమంటిని, పిల్లలు ఒప్పుకొనలేదు. ఆట యుండవచ్చును గాని కొన్న వస్తువు తేరాదని నియమము మార్చితిమి. ఫలితము నేననుకొన్నంత గొప్పగా లేదు. ఇద్దఱు ధర అంటించిన కాగితమును గీకివేసి తెచ్చి "ఇంట్లోదే సార్" అనిరి. ఒకడు వేపమొక్కను డబ్బాలో పెట్టి తెచ్చెను. అది సంక్రాంతిలోపలనే ఎండినది. ఒకడు తన ఛందస్సు నోట్సునంతయు ముత్యాలవంటి అక్షరములతో తిరుగవ్రాసి యిచ్చెను. అది పొందినవాడు మొదట మొగము ముడుచుకొనెను గాని పరీక్షల వేళ దానికై తరగతియంతయు వాని చుట్టు తిరిగినది. ఆళ్లగడ్డ విద్యార్థిని ఆనాడు వచ్చెను. వాళ్లవ్వ చేసిన కొఱ్ఱబియ్యపు అరిసెలు తెచ్చి, పోవునప్పుడు నాతో, "పండగకు మా ఊరికి రాండి సార్" అనెను.

వెళ్లితిని. ఆళ్లగడ్డలో బస్సు దిగి ఆటోలో పోవలసిన పల్లె. ఊరిచివర పేట, పేటచివర నాపరాతి గోడల చిన్న గుడి. మామిడాకుల తోరణము, రంగుకాగితములు, ఒక నక్షత్రము. తెల్లవార్లు చెక్కభజన జరిగినదట. భజనవారి గొంతులు బొంగురుపోయి యుండెను. ఆ పిల్ల యింట అరుగుపై కూర్చుండగా గోడమూలనున్న ఒక చిన్న కుండ కనబడినది. మూతపై గుడ్డ కట్టియుండెను.

"ఇదేందవ్వా?" అంటిని.

"పిడికెడు బియ్యం నాయనా. పొద్దున ఎసట్లో పోసేముందర ఒక పిడికెడు తీసి దీంట్లో ఏస్తాం. దేవునివి" అని అవ్వ చెప్పెను.

"ఇంట్లో బియ్యం లేని రోజో?"

అవ్వ నా అమాయకతకు నవ్వెను. "లేనిరోజు ఎసరే పెట్టం గదా సార్. పెట్టినరోజు ఏస్తాం."

ఆదివారమున ఆ బియ్యము గుడికి చేరును. కొంత పాస్టరు కుటుంబమునకు, కొంత దిక్కులేని ముసలివారికి, మంచమెక్కిన రోగులకు పోవును. ఈ వాడుక తెలుగు క్రైస్తవుల పల్లెలలో చాలకాలముగా నున్నది. 1912లో కలకత్తాలో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడై తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, కూలిజనము సైతము తమ గుడిని తామే పోషించుకొనవలెనని పట్టుబట్టినవాడు. క్రైస్తవుల దానధర్మమును గూర్చి ప్రత్యేకముగా పుస్తకమే వ్రాసెను. పుచ్చుకొనుట మాత్రమే ఎఱిగిన వానికి తలయెత్తుకొను ధైర్యము రాదని ఆయన గ్రహించెనని నా నమ్మకము. తరతరములుగా అడుగుకొని తిన్నవారని లోకము పేరు పెట్టిన జనము, పొయ్యి వెలిగిన ప్రతిదినము ఇంకొకరికై పిడికెడు తీసిపెట్టుట చిన్న సంగతి కాదు. అంగడి పండుగలో కానుక యనగా క్రొత్తగా తెచ్చి చేర్చునది. ఆ కుండలో కానుక యనగా ఉన్నదానినుండి తీసినది. కుండ అర్ధశేరు పట్టదు.

నేను ఆ అరుగుమీదనే ఇంకొక పాఠము నేర్చుకొంటిని. క్రొత్తబట్టల వ్యామోహమును గూర్చి నాలుగు నీతివాక్యములు మనసులో కూర్చుకొని వెళ్లినవాడను. అవ్వ మాటలో మాటగా, "మా కాలంలో కిస్మస్‌కొకటే కొత్తకోక నాయనా. మిగతావన్నీ పెద్దోల్ల ఇండ్లలో ఇచ్చిన పాతవే. ఆ కోక కట్టుకొని ఊర్లో నడుస్తాంటే, యాడికి పోతాండావే అని అడిగేటోళ్లు" అనెను. నా నీతివాక్యములు నోటనే నిలిచినవి. విడిచిన గుడ్డలు కట్టుకొని బ్రదికినవారికి ఏడాదికొక క్రొత్తకోక ఆడంబరము కాదు. ఊరినడుమ నడచుటకు పట్టుకొన్న హక్కుపత్రము. బీరువా నిండ బట్టలున్న మనము వారికి నిరాడంబరతను బోధించుట ఎబ్బెట్టుగా నుండును.

కాని కాలము మాఱినది. ఆ పిల్ల తండ్రి నా ప్రక్కన కూర్చుండి, బట్టలకు, సెల్‌ఫోనునకు కలిపి పదివేలు అప్పైనదని చెప్పెను. "మిరపకోతల్లో తీరుస్తాంలే సార్." మిరపకోతలనగా గుంటూరు సీమకు వలస. పిల్లలను వెంటబెట్టుకొని పోవుదురు. బడిలో పేరు మాత్రము మిగులును. జనవరి, ఫిబ్రవరి మాసముల హాజరుపట్టీలు చూచిన ఉపాధ్యాయులకు ఇది తెలియని విషయము కాదు. వలసకు కారణము పండుగ యొకటే యనుట అన్యాయము. వానలు, భూమి లేమి, కూలిధరలు ఎన్నియో కలవు. అయినను తోటివాని బిడ్డకున్నది తన బిడ్డకు లేదను చిన్నతనముచే చేసిన అప్పు వారవడ్డీతో పెరిగినప్పుడు, తొలుదొల్త చేయి జాఱునది పిల్లవాని పుస్తకమే. ఆ చిన్నతనము వారికెవరు నేర్పిరి? రెండువందలకు తక్కువ కారాదని తరగతిలో నియమము పెట్టినవారమును అందులో చేరుదుము. ఆ తండ్రితో ఈ మాట చెప్పవలెననుకొని చెప్పలేకపోతిని. అతడు నాకు మంచినీళ్ల చెంబు అందించుచుండెను.

పదిగంటలకు ఆరాధన ముగిసినది. వెంటనే గుడిముందఱ కానుకల వేలము. సొమ్ము వేయలేనివారు ఇంటనున్నది తెచ్చి దేవునికిత్తురు. దానిని పాట పెట్టి వచ్చిన పైకమును సంఘపు పెట్టెలో వేయుదురు. రెండు కోళ్లు, కందులు, ఒక సోరకాయ, పిడికెడు బియ్యపు మూటలు వరుసగా వచ్చినవి. ఒక కోడిగ్రుడ్డు మూడుమార్లు వేలమునకు వచ్చినది. మొదటివాడు ముప్పదికి పాడుకొని, "మళ్లీ దేవునికే" అని తిరిగి యిచ్చివేసెను. రెండవవాడును అట్లే చేసెను. మూడవమాఱు దానిని పాడినది చీటీ రోజున నవ్వులపాలు కాకుండ ఇంట నిలిచిపోయిన మా విద్యార్థిని. పదునైదు రూపాయలు. కొంగుముడి విప్పి తల్లి యిచ్చినది. ఆమెయు గ్రుడ్డును తిరిగి యిచ్చివేసెను.

అవ్వ ఇంటికప్పుపై కాచిన గుమ్మడికాయ వచ్చినది. నేను ఏబదితో పాట మొదలిడితిని. ఒక ట్రాక్టరు డ్రైవరు నాకు పోటీ. నూఱు, నూటయేబది, రెండు నూర్లు. ఆ సంఖ్య దగ్గఱ నా నోరు ఒక క్షణమాగినది. పాస్టరుగారు "సార్ ఆలోచిస్తాండారు" అనగా జనమంతా నవ్విరి. మూడువందల పదికి గుమ్మడికాయ నాదైనది. దానిని నెత్తికెత్తుకొని ఆటో వఱకు తెచ్చినవాడు ఆ ట్రాక్టరు డ్రైవరే.

ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కి గుమ్మడికాయను ఒడిలో పెట్టుకొంటిని. శిరివెళ్ల దాటిన పిమ్మట కండక్టరు వచ్చెను.

"ఎంతకు తెచ్చినారు సార్ కాయ?"

"మూడు నూర్ల పది."

ఆయన నన్నును కాయను మార్చి మార్చి చూచెను. "మోసపోయినారు సార్. నంద్యాల రైతుబజార్లో యాభై రూపాయలకిస్తారు" అని జాలిగా తల త్రిప్పి, టిక్కెట్టు చేతిలో పెట్టి ముందునకు సాగెను. నేను కాయను ఒడిలో సరిజేసికొని కిటికీ వైపునకు జరిగితిని.